ఆ గుల్లలన్నీ నావే

మా సంస్థలో లోపాలన్నిటినీ పుట్టించింది నేనేనని విచారణ సంఘం తేల్చింది. ఉన్నమాట చెప్పుకోవాలంటే సంఘం చాలా శ్రద్ధగానే తేల్చింది. చాలాసార్లు సమావేశమైంది, సమావేశమైనప్పుడల్లా వేయించిన జీడిపప్పు తెప్పించుకుంది, ఒక్కసారి కూడా కొలిమి దగ్గరికి వెళ్ళలేదు. కొలిమి దగ్గర వేడిగా ఉంటుంది. సంఘంలో ఉన్నవాళ్ళంతా పెద్దవాళ్ళు.

నా పేరు త్రిపురసుందరి. విశాఖ వెనక కొండల్లో, మలుపులన్నీ ఎక్కాక చిట్టచివర కనిపించే సమ్మిళిత లోహాల పరిశోధనాలయంలో పరీక్షల విభాగం అధికారిని. సమ్మిళిత లోహమంటే బ్రహ్మవిద్యేమీ కాదు. అల్యూమినియాన్ని కరిగించి, గరుకు కాగితానికి అంటించే రకం గట్టి పొడిని అందులో కలిపి, అచ్చులో పోయడమే. అల్యూమినియం తేలిక, పొడి గట్టి. రెండూ సరిగ్గా కలిస్తే ఇనప డిస్కులో సగం బరువుండే బ్రేకు డిస్కు తయారవుతుంది. మేం చేసే డిస్కుల్ని ముందు మా స్టాఫ్ బస్సుకే బిగించి చూస్తారు. అందులో నెగ్గితే ఏజెన్సీ ఊళ్ళ ఘాట్ రోడ్ల మీద తిరిగే అంబులెన్సులకు పంపిస్తారు.

చెప్పడానికి సులువే గానీ, చేసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. పొడిలో చెమ్మ ఉంటే కరిగిన లోహంలో గాలి బుడగలు పుడతాయి. అవి బయటికి పోలేక లోపలే చిక్కుకుని గుల్లలవుతాయి. సరిగా కలపకపోతే రాగి జావలో పిండిలాగా పొడి ఉండలు కడుతుంది. పైకి మాత్రం డిస్కు తళతళా మెరుస్తూనే ఉంటుంది. అలాంటి డిస్కు దిగుడు రోడ్డులో వేడెక్కిందంటే పగులుతుంది. అందుకని పొడిని ముందు ఓవెన్‌లో బాగా వేడిచేసి, చెమ్మంతా పోయాకే లోహంలో వేయాలి.

ఆ ఓవెన్‌ను విద్యుత్ పొదుపు వారోత్సవాల్లో మా డైరెక్టర్ డాక్టర్ చిదానందం గారు స్వహస్తాలతో ఆపేశారు. ఫొటో తీశారు. పొదుపులో సంస్థకు షీల్డు వచ్చింది. వారోత్సవాలు అయిపోయాయి గానీ ఓవెన్ మళ్ళీ వెలగలేదు. వెలిగిస్తే షీల్డు వెనక్కివ్వాల్సి వస్తుందేమోనని అందరికీ అనుమానం. ఈలోగా వానాకాలం వచ్చింది. పొడి బస్తాలుండే స్టోరు కప్పు కారడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నా గదికి వచ్చిన డిస్కుల్ని ఎక్స్‌రే తీసి చూస్తే ఫిల్ము రవ్వదోసెలా ఉంది.

నేను ఉన్నదున్నట్టు రాసి పంపాను. సరిగ్గా అదే వారం చిదానందం గారు ఏదో పెద్ద హోటల్లో శిక్షణ ముగించుకుని కొండెక్కారు. మెడలో కొత్త బ్యాడ్జీ, మొహంలో కొత్త వెలుగు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త విభాగాధిపతులకు తెలియజేయునదేమనగా, ప్రస్తుత సంవత్సరమును లోపరహిత సంవత్సరముగా ప్రకటించడమైనది. యజమాని లేని లోపమే సంస్థకు అసలైన శత్రువు. కావున ఇకపై ప్రతి లోపమునకు ఒక యజమాని ఉండవలెను. లోపము తొలుత ఎవరి కంట పడునో, ఆ లోపము వారికే చెందును."

కొలిమి విభాగం నుంచి లోపాలు లేవని జవాబు వచ్చింది. పోసిన డిస్కుల్ని నునుపు చేసే యంత్రాల వాళ్ళు లేవన్నారు. రంగులు వేసేవాళ్ళు అసలు ఆ మాటే తాము వినలేదన్నారు. సంస్థ మొత్తమ్మీద లోపాలున్నది ఒక్క నా దగ్గరే. దాంతో పరిపాలనాధికారి కోదండపాణి గారి అధ్యక్షతన నా మీద విచారణ సంఘం వేశారు.

"మీ గదికి రాకమునుపు ఈ డిస్కులలో గుల్లలు ఉన్నట్లు దాఖలా ఏమైనా ఉన్నదా?" అని కోదండపాణి గారు అడిగారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగినా ఇదే భాషలో అడుగుతారట.

"అంతకుముందు ఎవరూ చూడలేదండీ."

"మేము అడిగినది దాఖలా గురించి."

"లేదండీ."

"మీ గదికి వచ్చిన పిమ్మట?"

"ఉంది. నేనే రాశాను కదా!"

ఆయన తక్కిన సభ్యుల వంక చూశారు. సభ్యులు జీడిపప్పు నములుతూనే తలలూపారు. కొలిమి అధిపతి భుజంగరావు గారు మెరిసే డిస్కు ఒకటి వెంట తెచ్చుకున్నారు. దాన్ని మొహం ముందు పెట్టుకుని మీసం సరిచేసుకుని మరీ మాట్లాడారు.

"మేడమ్, ఇందులో మొహం ఎంత బాగా కనబడుతోందో చూడండి. మా దగ్గరున్నంతసేపూ ఇలాగే ఉంది. ఆ మచ్చలు ఫిల్ములో ఉన్నాయి గానీ డిస్కులో ఎక్కడున్నాయి?"

"డిస్కులో ఉన్నాయి గనకే ఫిల్ములో పడ్డాయండీ."

అప్పుడు చిదానందం గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆయన కళ్ళు మూసుకున్నారంటే నాకు భయం.

"డిస్కు పెట్టకుండా ఎక్స్‌రే తీస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుందండీ? మచ్చ లేకుండా వస్తుంది."

"అద్గదీ!" అని ఆయన బల్ల చరిచారు. "యంత్రము శుద్ధము. డిస్కు శుద్ధము. రెండింటినీ ఒకచోట చేర్చినప్పుడు మాత్రమే దోషము ఉద్భవించుచున్నది. చేర్చుచున్నది ఎవరు?"

చేరుస్తున్నది నేనే. కాదనడానికి ఏముంది? నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు అదుపులో పెట్టుకుని, "సార్, ఇంత గొడవెందుకు? ఓవెన్ వేయించండి. పొడి ఆరితే గుల్లలు రావు" అన్నాను.

"ఓవెన్ ఎందుకు వేయాలి?"

"గుల్లలు వస్తున్నాయి కదండీ."

"గుల్లలు ఎవరివి?"

"ఉత్తర్వు ప్రకారం నావే."

"మరి మీ సొంత గుల్లల కోసం సంస్థ కరెంటు ఎందుకు ఖర్చు చేయాలమ్మా?" అని ఆయన నిజంగానే బాధపడుతూ అడిగారు.

లోపాలన్నిటికీ యజమానురాలు త్రిపురసుందరి అని సంఘం నివేదిక ఇచ్చింది. నా ఇంక్రిమెంటు ఆగిపోయింది. డిస్కులేవీ ఎక్స్‌రే గది చాయలకు పోకూడదని, నివేదిక రాని ప్రతి డిస్కునూ లోపరహితమైనదిగా భావించవలెనని ఇంకో ఉత్తర్వు వచ్చింది. గది తాళంచెవి కోదండపాణి గారి జేబులోకి వెళ్ళిపోయింది.

ఈ యజమాని పద్ధతి ఎంత బాగా పనిచేసిందంటే, నెల తిరక్కుండా సంస్థంతా ఎవరి జాగ్రత్తలో వాళ్ళు పడ్డారు. స్టోరు కప్పు కారుతోందని వాచ్‌మన్ నోరు జారితే, ఆ చిల్లు అతని పేర రాసి మరమ్మతు ఖర్చు అతని జీతంలో పట్టుకున్నారు, మరమ్మతు మాత్రం చేయించలేదు. ఆ తర్వాత స్టోరులో తలెత్తి పైకి చూసినవాడు లేడు. గుమాస్తాలు లోపల గొడుగులు వేసుకుని కూర్చునేవాళ్ళు. ఎందుకయ్యా అంటే అలవాటండీ అనేవాళ్ళు. బస్తాలకు గొడుగు పట్టుకునే అలవాటు లేదు కాబట్టి అవి తడిశాయి. మా డిస్పెన్సరీ డాక్టరు గారు బీపీ చూడడం మానేశారు. చూస్తే ఆ బీపీ ఆయనదవుతుంది. కళ్ళు తిరుగుతున్నాయని వెళ్ళినవాళ్ళను బాగున్నారా అని పలకరించి, చక్కగా ఉన్నారని చెప్పి పంపించేవారు. సిబ్బంది ఆరోగ్యంలోనూ మాకు ప్రథమ స్థానం వచ్చింది.

తడి పొడితో పోసిన డిస్కులు మా స్టాఫ్ బస్సు దగ్గరికి రానే వచ్చాయి. బస్సు డ్రైవరు దాలినాయుడు. కొండ పుట్టినప్పటినుంచీ ఇక్కడే ఉన్నట్టుంటాడు. పొద్దున్నే మమ్మల్నందరినీ పైకి తెస్తాడు, సాయంత్రం దించుతాడు. డిస్కులు బిగిస్తున్నారని తెలిసి ఆ సాయంత్రమే మా ఇంటి వరండాలోకి వచ్చి నిలబడ్డాడు.

"సుందరమ్మగోరూ, ఒక్క ముక్క సెప్పండి. ఆ బ్రేకులు ఆగుతాయా, ఆగవా?"

నేను అతన్ని లోపలికి పిలిచి పాత ఫిల్ము ఒకటి దీపానికి ఎదురుగా పట్టుకుని చూపించాను. అతను ఆ మచ్చల్ని చాలాసేపు చూశాడు.

"ఏటండీ ఇది? జల్లెడా?"

"నీ బ్రేకు డిస్కు."

"నలభైమంది పేనాలండీ బాబూ! దిగేటప్పుడు మూడో మలుపుకాడ బ్రేకు నొక్కకుండా ఏ మొనగాడూ తిప్పనేడు. నాను నడపనంటే నడపను."

"ఎందుకు నడపవని అడుగుతారు. బ్రేకులు బాగోలేవంటే ఆ లోపం కనిపెట్టింది నువ్వే అవుతావు. డిస్కుల ఖర్చు నీమీద పడుతుంది. ఉద్యోగం కూడా ఉండదు."

దాలినాయుడు కూలబడిపోయాడు. "మరి నన్నేటి సెయ్యమంటారు? సెప్తే నా కొంప పోతాది, సెప్పకపోతే బస్సు పోతాది."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. నేను రాయాల్సింది రాశాను, చెప్పాల్సింది చెప్పాను. అయినా ఆ బస్సు కదులుతుంది. మా బస్సు నెగ్గిందంటే ఆ వెనకే అంబులెన్సులూ కదులుతాయి. వాటిలో ఉండేవాళ్ళు దిగి నడవగలిగినవాళ్ళు కూడా కాదు.

మర్నాడు దాలినాయుడు కోదండపాణి గారి దగ్గరికి వెళ్ళాడు. నేనూ అక్కడే ఉన్నాను, నా ఇంక్రిమెంటు గురించి అర్జీ పట్టుకుని.

"నాకో రాయి కావాలండి బాబూ" అన్నాడు.

"రాయియా? ఏ నిమిత్తము?"

చక్రం కింద వేయడానికని చెబితే బ్రేకుల్లో లోపం అతను కనిపెట్టినట్టే.

"కూకోడానికండి."

"నీకు బస్సులో ఆసనము ఉన్నది కదా?"

"అది బస్సు నడిసేటప్పుడండి. ఇది ఆగినప్పుడు కూకోడానికి."

"బస్సు ఆగినప్పుడు ఆసనము ఎక్కడికి పోవును?"

"ఎక్కడికీ పోదండి. బస్సు కూడా ఎక్కడికీ పోకుండా ఉండాలనే నా ఆశ."

కోదండపాణి గారు అతని వంక చూశారు. అతను కోదండపాణి గారి వంక చూశాడు. ఆయనకంతా అర్థమైందని నేను ఒట్టేసి చెప్పగలను. కానీ అర్థమైందని పైకి అంటే ఆ లోపంలో ఆయనకూ వాటా వస్తుంది. గొంతు సవరించుకుని ఫైలు తెరిచారు.

"వాహనములో తీసుకొనిపోవు ప్రతి వస్తువునకు లోపరహిత ధ్రువపత్రము ఉండవలెను. రాయి సంస్థ ఉత్పత్తి కానందున, దానిని ఎక్స్‌రే తీయుటకు నిషేధము వర్తించదు."

అలా తాళంచెవి ఆయన జేబులోంచి బయటికి వచ్చింది. వెనక క్వారీ నుంచి పెద్ద నల్లరాయి ఒకటి తెప్పించారు. నేను నాలుగు పక్కల నుంచీ ఎక్స్‌రే తీశాను. ఎక్కడా గుల్ల లేదు, పగులు లేదు. చిదానందం గారు పొంగిపోయి ధ్రువపత్రం మీద తనే సంతకం చేశారు. లోపరహిత సంవత్సరంలో మా ఎక్స్‌రే నెగ్గిన మొట్టమొదటి వస్తువు ఆ రాయి.

బస్సును దించే రోజు పందిరి వేశారు, కొబ్బరికాయ కొట్టారు. చిదానందం గారు ఉపన్యాసం మొదలుపెట్టి, లోపమనేది మనసులో ఉంటుందని, మనసు తుడుచుకుంటే లోహం దానంతటదే బాగుపడుతుందని చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. ఇక బస్సెక్కండి అనేసరికి భుజంగరావు గారికి మోకాలి నొప్పి గుర్తొచ్చింది. ఆ నొప్పికి నడక మంచిదట. కోదండపాణి గారు డైరెక్టరు గారు ఎక్కకుండా తాను ఎక్కడం మర్యాద కాదన్నారు. చిదానందం గారు ఆకాశం వంక చూసి, కొండగాలి ఆరోగ్యానికి శ్రేష్ఠమన్నారు. అంతే, సంస్థ మొత్తం ఆరోగ్యం కోసం బస్సు వెనకాల నడవడం మొదలుపెట్టింది. బ్రేకుల మీద ఎవ్వరికీ ఏ అనుమానమూ లేదు. ఎక్కినవాడు మాత్రం ఒక్క దాలినాయుడే.

బస్సు మొదటి గేరులో పెళ్ళి ఊరేగింపులాగా కదిలింది. వెనక చక్రం పక్కనే ఇద్దరు తోటమాలులు రాయిని గోనెసంచిలో మోసుకుంటూ నడిచారు. వాళ్ళ పక్కన నేను నడిచాను. మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండోదీ తిరిగింది. మా వెనక చిదానందం గారు ఎవరికో ఫోనులో విజయవంతమైందని చెబుతున్నారు.

మూడో మలుపు దగ్గర దాలినాయుడు బ్రేకు నొక్కాడు. ఫటేలుమని చప్పుడైంది. మెరిసే ముక్క ఒకటి రోడ్డు మీద ఎగిరి పడింది. బస్సు ఒక్కసారిగా ముందుకు ఉరికింది. ఎదురుగా పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు. "రాయి! రాయి వేయండి!" అని నేను అరిచిన అరుపు నాకే గుర్తుపట్టడానికి వీల్లేకుండా ఉంది. తోటమాలులు సంచితో సహా రాయిని చక్రం ముందుకు విసిరారు. చక్రం దాన్ని కొంతదూరం ఈడ్చుకుపోయింది. ఈడ్చుకుపోయి, దానిమీదికి సగం ఎక్కి, ఆగింది.

దాలినాయుడు దిగాడు. చక్రం కింద నుంచి బయటికి కనిపిస్తున్న రాయి కొసను తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. నేను పిట్టగోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నాకేం సిగ్గనిపించలేదు.

మొదట మాట్లాడింది భుజంగరావు గారు.

"ఏం ఆగిందండీ! ఇంత గట్టిగా ఆగిన బండిని నా జన్మలో చూడలేదు."

సాయంత్రానికల్లా నివేదిక తయారైంది. "వాహనము మూడవ మలుపు వద్ద సంపూర్ణముగా నిలిచినది. నిలుపుటయే బ్రేకు యొక్క పరమార్థము కావున పరీక్ష విజయవంతమైనట్లు నిర్ధారించడమైనది." పగిలిన ముక్కను ముందుగా చూసింది ఎవరని అడిగితే ఎవరూ చూడలేదు. దాన్ని నేను తీసుకుని సంచిలో వేసుకున్నాను. నా ఆస్తిలో అదొకటి ఎక్కువైతే ఏం పోయింది?

ఆ వారంలోనే అంబులెన్సులకు పంపాల్సిన డిస్కుల పెట్టెలు లారీలోకి ఎక్కుతున్నాయి. పరీక్షలో రాయి కూడా పాల్గొన్నది కనుక ఒక్కో బండికి ఒక్కో రాయి చొప్పున జత చేస్తున్నారు. లోపల పురుటి నొప్పులతో ఒక ఆడమనిషి, వెనక రాయి పట్టుకుని పరిగెత్తే మనిషి. ఆ దృశ్యం నా కళ్ళ ముందు ఆడింది. ఇంటికి వెళ్ళి విచారణ సంఘం నివేదిక తీసి మళ్ళీ చదివాను. ఆ రాత్రి మొదటిసారి అది నాకు నచ్చింది.

తెల్లారి లారీకి అడ్డంగా నిలబడ్డాను. కోదండపాణి గారు పరుగెత్తుకొచ్చారు. వెనకే చిదానందం గారు, భుజంగరావు గారు.

"ఇది ఏమి చర్య?"

"నా సామాను లారీలో ఉందండీ. ఉద్యోగి సొంత ఆస్తిని ఆ ఉద్యోగి రాసిస్తేనే గాని గేటు దాటించకూడదని మన నిబంధన. మీరు రాసిందే. నేను రాసివ్వను."

"డిస్కులు సంస్థ ఆస్తి."

"డిస్కులు సంస్థవేనండీ, నేను కాదన్నానా? గుల్లలు నావి. అన్నీ నావేనని మీరే విచారించి తేల్చారు, ఇంక్రిమెంటు కూడా కోశారు. నా గుల్లల్ని ఇక్కడ దించేసి మీ డిస్కుల్ని నిక్షేపంగా తీసుకెళ్ళండి. నాకేం అభ్యంతరం లేదు."

కోదండపాణి గారు నివేదిక చదివారు. నిబంధన చదివారు. మళ్ళీ నివేదిక చదివారు. ఆయన తన అక్షరాలను తానే అంత దీక్షగా చదవడం నేనెప్పుడూ చూడలేదు.

"నివేదికను రద్దు చేసినచో?" అని చిదానందం గారు మెల్లగా అడిగారు.

"అప్పుడు గుల్లలకు యజమాని ఉండడండీ. కొలిమిలో పుట్టాయి గనక ముందు భుజంగరావు గారి దగ్గరికి వెళ్తాయి. అక్కడినుంచి ఓవెన్ ఆపినవారి దగ్గరికి వెళ్తాయి."

భుజంగరావు గారి మీసం వాలిపోయింది. చిదానందం గారు కళ్ళు మూసుకున్నారు. చివరికి లారీ నుంచి పెట్టెలు దించారు.

ఆ మర్నాడు ఉత్తర్వు వచ్చింది. నా సర్వీసులో నేను మనసారా చదివిన ఉత్తర్వు అదొక్కటే. "శ్రీమతి త్రిపురసుందరి గారి సొంత గుల్లలు సంస్థ ఉత్పత్తులలోనికి అక్రమముగా చొరబడుచున్నందున, వాటి ప్రవేశమును నిరోధించుటకై పొడిని ఓవెనులో వేడిచేసిన పిమ్మటనే ఉపయోగించవలెను. ఒక్క గుల్లయైనను చొరబడినదో లేదో ఆమెయే స్వయముగా ఎక్స్‌రే తీసి సరిచూచుకొనవలెను."

ఓవెన్ వెలిగింది. స్టోరు కప్పు కూడా బాగుచేయించారు, వాచ్‌మన్ పేరు మీదే. నా ఇంక్రిమెంటు మాత్రం ఇప్పటికీ రాలేదు. దించిన పెట్టెలు నా ఆస్తి కనుక మా ఇంటికి చేర్చారు. ముందు గది నిండా అవే. కుండీల కింద ఒకటి, ఊరగాయ జాడీ మీద ఒకటి పెట్టుకున్నాను. మెరుపు మాత్రం తగ్గలేదు.

మొన్న సాయంత్రం మూడో మలుపులో మా బస్సు ఆగి ఉంది. పైనుంచి అంబులెన్సు ఒకటి దిగుతోందని దారిచ్చి నిలబెట్టి, తను కిందికి దిగాడు దాలినాయుడు. అది మా కొత్త డిస్కులు బిగించిన బండి. కొండ వెనక ఊరి నుంచి ఎవరో గర్భిణిని తీసుకొస్తోంది. మలుపులో బ్రేకు పడింది, బండి నెమ్మదించింది, కుదుపు లేకుండా తిరిగింది. మేమందరం బస్సు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశాం. మమ్మల్ని చూసి అంబులెన్సు డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"ఆ రాయేటి మావా, రోడ్డు పక్కన? బ్రేకులు బాగోనేదేటి?"

ఆ రోజు బస్సును ఆపి అక్కడే ఉండిపోయిన ఆ రాయి మీద దాలినాయుడు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"బాగున్నాయిరా. ఇది కూకోడానికి."